దూరం ఒక్కటే, ప్రయాణ సమయం ఒక్కటి కాదు

సంపాదకులకు నమస్కారాలు.

దూరదేశాల విమానాశ్రయాల మధ్య దూరాన్నీ, ప్రయాణ సమయాన్నీ తెలిపే పట్టిక ఒకటి ఇటీవల మీ ప్రయాణాల పేజీలో చూశాను. ప్రతి రెండు నగరాలకూ ఎదురుగా ఒక దూరం, ఒక సమయం ఇచ్చారు. వెళ్ళడానికి ఎంతో రావడానికీ అంతే. సమయాన్ని నిమిషాలతో సహా ఇచ్చారు గాని, దాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా లెక్కించారో చెప్పలేదు. ముప్పయ్యేళ్ళు భూగోళశాస్త్రం బోధించినదాన్ని కనుక ఆ సమయాలు ఎలా వచ్చాయో చూడగానే అర్థమైంది. దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగించారు. అంతర్జాలంలోనూ చాలా చోట్ల ఇదే పద్ధతి కనిపిస్తుంది. ఆ భాగహారంలో వచ్చే సంఖ్యను ప్రయాణ సమయం అనకూడదనీ, దాన్ని నమ్మి ఏర్పాట్లు చేసుకునేవారు ఇబ్బంది పడతారనీ చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ ఇబ్బంది మా ఇంట్లోనే జరిగింది. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దదైన మా అక్కయ్య గత సంవత్సరం ఒంటరిగా విదేశంలో ఉన్న కొడుకు దగ్గరికి బయలుదేరింది. ఆమె ఎనిమిది గంటలకొకసారి తప్పనిసరిగా ఒక మాత్ర వేసుకోవాలి. ఇంట్లోవాళ్ళు ఒక సమాచార పుటలో వెదికితే దూరం సుమారు 13,000 కిలోమీటర్లు, సమయం 14 గంటల 27 నిమిషాలు అని కనిపించింది. నిమిషాలతో సహా ఉన్నది కదా అని అందరూ నమ్మారు, నేనూ పట్టించుకోలేదు. రెండు మాత్రలు చేతిసంచిలో పెట్టి, మిగిలినవన్నీ పెద్ద పెట్టెలో సర్దారు. తీరా చూస్తే మొదటి విమానం నాలుగున్నర గంటలు, మధ్యలో ఒక విమానాశ్రయంలో ఐదు గంటల నిరీక్షణ, రెండో విమానం పదమూడు గంటలు. మూడు గంటల ముందే విమానాశ్రయం చేరుకోవడం, దిగిన తరువాత పాస్‌పోర్టు తనిఖీ, సామాను కోసం ఎదురుచూపు, రెండు వైపులా రోడ్డు ప్రయాణం కలుపుకుంటే గడప నుంచి గడపకు ముప్పై గంటలు పట్టింది. మాత్రలు ఉన్న పెట్టె విమానం కడుపులో ఉంది. ఆమె నీరసంతో, కళ్ళు తిరుగుతూ దిగిందని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ 14 గంటల 27 నిమిషాలు అనే సంఖ్యను భాగహారంగా గుర్తించగలిగినదాన్ని నేనొక్కదాన్నే, అయినా గుర్తించలేదు.

ముందుగా దూరం సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ పట్టికల్లో నమ్మదగినది అదొక్కటే. గోళం మీద రెండు బిందువులను కలిపే అతి చిన్న దారి మహావృత్తంలో ఒక భాగం. భూకేంద్రం గుండా పోయే తలంతో గోళాన్ని కోస్తే ఉపరితలం మీద ఏర్పడే వృత్తమే మహావృత్తం; భూమధ్యరేఖ ఒక మహావృత్తం, మిగతా అక్షాంశాలు కావు. తరగతిలో దీన్ని నేను గ్లోబు మీద దారం బిగించి చూపేదాన్ని. టోక్యో, లాస్ ఏంజెలెస్ నగరాలు దాదాపు ఒకే అక్షాంశం మీద, సుమారు 35, 34 డిగ్రీల వద్ద ఉన్నాయి. గోడపటం మీద వాటి మధ్య అడ్డంగా గీత గీసి అదే దగ్గరి దారి అని పిల్లలు చెప్పేవారు. ఆ అక్షాంశం వెంబడి పోతే దాదాపు 9,300 కిలోమీటర్లు. అదే దారాన్ని గ్లోబు మీద బిగించి పట్టుకుంటే, అది తనంతట తానే ఉత్తరానికి జరిగి సుమారు 48 డిగ్రీల అక్షాంశం దాకా ఎగబాకి, మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ దారి సుమారు 8,800 కిలోమీటర్లే. ఐదు వందల కిలోమీటర్లు ఆదా చేసిన ఆ వంపును చూసి పిల్లల ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యం నాకు ఇప్పటికీ గుర్తే. 1569లో మెర్కేటర్ రూపొందించిన పటం నావికులకు దిక్కు తప్పకుండా చూపడానికి ఉద్దేశించినది. దాని మీద దూరాలను స్కేలుతో కొలవడం సరి కాదు.

భూమి కచ్చితమైన గోళం కాదు, ధ్రువాల వద్ద కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది. భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల వద్ద 6,357. గోళంగా భావించి లెక్కిస్తే వచ్చే తేడా మామూలుగా అర శాతానికి మించదు కనుక, ఒక పుటలో ఒక దూరం, మరొక పుటలో పది పదిహేను కిలోమీటర్లు ఎక్కువ కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. మైళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. విమానయానంలో వాడే నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, నేల మీద వాడే మైలు సుమారు 1.609 కిలోమీటర్లు. లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయానికి దాదాపు 3,000 నాటికల్ మైళ్ళు, అంటే 3,450 మామూలు మైళ్ళు, అంటే సుమారు 5,550 కిలోమీటర్లు. ఏ మైలో చెప్పకుండా 3,000 అని రాస్తే ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు పొరపాటు జరిగే అవకాశం ఉంది.

ఇంతవరకూ దూరం లెక్క సరే. కానీ విమానం ఆ దారం వెంబడే ఎగరదు. ఉత్తర అట్లాంటిక్ మీద విమానాలు నడిచే సమాంతర మార్గాలను బ్రిటన్ వైపున షాన్‌విక్, కెనడా వైపున గాండర్ నియంత్రణ కేంద్రాలు ఆ రోజు గాలుల అంచనాను బట్టి ప్రతిరోజూ కొత్తగా నిర్ణయిస్తాయి. నిన్నటి దారి ఈరోజు ఉండదు. రెండు ఇంజిన్ల విమానమైతే, ఒక ఇంజిన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలో చేరుకోగలిగిన విమానాశ్రయం ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉండేలా దారి ఎంచుకోవాలి. అంతకంటే పెద్ద కారణం, దేశాలు తమ గగనతలాన్ని మూసివేయడం. హెల్సింకీ, టోక్యోల మధ్య నేరు దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. రష్యా మీదుగా ఎగిరినంత కాలం తొమ్మిది గంటల పైచిలుకులో చేరేవారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై, ఆ గగనతలం ఐరోపా విమానాలకు మూతపడిన తరువాత, ఉత్తర ధ్రువం మీదుగానో దక్షిణంగా చుట్టు తిరిగో వెళ్ళవలసి వచ్చి అది సుమారు పదమూడు గంటలయింది. రెండు ఊళ్ళూ ఉన్నచోటనే ఉన్నాయి, పట్టికలో దూరమూ అదే, ప్రయాణికుడి జీవితంలో నుంచి మాత్రం దాదాపు నాలుగు గంటలు అదనంగా పోతున్నాయి. భాగహారంతో తయారైన పట్టిక ఈ మార్పును ఎన్నటికీ పట్టుకోలేదు.

గాలి గురించి కొంచెం వివరంగా రాయడానికి అనుమతించండి, ఎందుకంటే వెళ్ళడానికీ రావడానికీ ఒకే సమయం ముద్రించడమే నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకు నదుల్లా వేగంగా ప్రవహించే గాలులు ఉన్నాయి. వీటిని జెట్ స్ట్రీమ్ అంటాం. ధ్రువప్రాంతపు చలికీ ఉష్ణప్రాంతపు వేడికీ మధ్య ఉండే తేడాయే వీటికి మూలం కనుక, ఆ తేడా పెరిగే శీతాకాలంలో ఇవి మరింత బలంగా వీస్తాయి. జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి 1920లలోనే బెలూన్లు ఎగురవేసి ఈ గాలులను కొలిచాడు. ఆ ఫలితాలను ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు. జపాన్ బయట చాలా కాలం వాటిని పట్టించుకున్నవారు లేరు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద ఎగిరిన బాంబర్ల సిబ్బందికి ఆ గాలుల బలం స్వయంగా అనుభవంలోకి వచ్చింది.

విమానం వేగం దాని చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పేది. ఆ గాలే కదులుతుంటే, నేలతో పోల్చిన వేగం మారిపోతుంది. అందుకే లండన్ నుంచి న్యూయార్క్‌కు, అంటే పడమటికి, ఏడున్నర, ఎనిమిది గంటలు పట్టే ప్రయాణం తిరుగు దిశలో ఆరున్నర, ఏడు గంటల్లో పూర్తవుతుంది. 2020 ఫిబ్రవరిలో ఒక పెద్ద తుపాను వెనుక నుంచి నెట్టగా, ఒక బోయింగ్ 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోలిస్తే దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వనివేగాన్ని మించలేదు, ఎందుకంటే దాన్ని మోస్తున్న గాలి కూడా అదే దిశలో వేగంగా కదులుతోంది. వెళ్ళేటప్పుడు కలిసొచ్చిన గాలి వచ్చేటప్పుడు అడ్డుపడితే లెక్క సరిపోతుంది కదా అని కొందరు అంటారు. సరిపోదు. 9,000 కిలోమీటర్ల దారిలో గంటకు 100 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. గాలి లేకపోతే రానూపోనూ ఇరవై గంటలు. గాలి ఉంటే ఒక దిశలో తొమ్మిది గంటలు, ఎదురుగాలిలో పదకొండుంపావు గంటలు, మొత్తం ఇరవైంపావు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉండాలి కనుక, పోగొట్టుకున్న సమయం సంపాదించిన సమయం కంటే ఎప్పుడూ ఎక్కువే.

ఇక సమయం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న ప్రశ్న. విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, గమ్యంలో తన చోటికి వచ్చి ఆగిన క్షణం వరకు ఉండేదాన్ని విమాన సంస్థలు బ్లాక్ టైమ్ అంటాయి. టికెట్టు మీద మనకు కనిపించే సమయాలు దీన్ని బట్టి వచ్చినవే. ఇందులో రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, వరుసలో వేచి ఉండడం, పైకి ఎగబాకడం, దిగేముందు రద్దీ వల్ల గాలిలో చుట్లు కొట్టడం అన్నీ ఉంటాయి. గంటకు 900 కిలోమీటర్లన్నది విమానం పూర్తి ఎత్తుకు చేరి స్థిరంగా ఎగిరేటప్పటి వేగం మాత్రమే. రద్దీగా ఉండే పెద్ద విమానాశ్రయాల్లో నేల మీదనే అరగంట గడిచిపోవడం వింతేమీ కాదు.

ఆగకుండా పోయే విమానమా, మధ్యలో ఆగేదా అన్నది మరొక పెద్ద తేడా. ఈ విషయంలో దూరం చాలా మోసపూరితంగా ఉంటుంది. సిడ్నీ నుంచి లండన్‌కు నేరు దూరం సుమారు 17,000 కిలోమీటర్లు. సింగపూర్‌లో ఆగి వెళ్తే సుమారు 6,300, సుమారు 10,900, మొత్తం 17,200. సింగపూర్ దాదాపు ఆ దారం మీదనే ఉన్నట్టు లెక్క. అదనపు దూరం ఒక శాతం పైచిలుకు మాత్రమే. కానీ దిగడం, ఇంధనం నింపుకోవడం, మళ్ళీ ఎగరడం అన్నీ కలిసి ప్రయాణాన్ని దాదాపు ఒక పూర్తి రోజు చేస్తాయి. 2019 నవంబరులో పరిశోధన కోసం కొద్దిమందితో లండన్ నుంచి సిడ్నీకి ఆగకుండా నడిపిన విమానానికి 19 గంటల 19 నిమిషాలు పట్టింది. అదే ఖండాంతర యాత్రకు 1947లో కాన్‌స్టెలేషన్ విమానంలో నాలుగు రోజులు పట్టేది. 1919లో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు మొదటిసారి ఎగిరి వెళ్ళిన రాస్ స్మిత్, కీత్ స్మిత్ సోదరుల బృందం ఇరవై ఎనిమిది రోజులకు డార్విన్ చేరింది. ఇప్పుడు ప్రయాణికులతో ఆగకుండా నడిచే అతి దూరపు విమానం సింగపూర్, న్యూయార్క్‌ల మధ్యది. సుమారు 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటల పైచిలుకు. అంతకంటే దూరమైన రెండు ఊళ్ళకు "ఇన్ని గంటలు" అని రాస్తే, ఆ గంటల్లో తీసుకువెళ్ళే విమానమే ప్రస్తుతం లేదని పాఠకుడికి ఎలా తెలుస్తుంది? డైరెక్ట్ అన్న మాట కూడా నాన్‌స్టాప్‌తో సమానం కాదు. ఒకే నంబరుతో నడిచే విమానం మధ్యలో ఒకచోట దిగి బయలుదేరినా దాన్ని డైరెక్ట్ అనే అంటారు.

గడియారాల విషయం చాలామందిని తికమక పెడుతుంది. వేసవిలో టోక్యో నుంచి సాయంత్రం 5 గంటలకు బయలుదేరిన విమానం పది గంటలు ఎగిరి లాస్ ఏంజెలెస్‌లో దిగేసరికి అక్కడ అదే రోజు ఉదయం 11 గంటలవుతుంది. మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటినందువల్ల బయలుదేరకముందే చేరినట్టు కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఉదయం 11కు బయలుదేరి పదకొండున్నర గంటలు ఎగిరితే, టోక్యోలో మరునాడు మధ్యాహ్నం రెండున్నర. టికెట్టు మీది రెండు సమయాలనూ తీసివేసి ప్రయాణ కాలం కనుక్కునేవారికి వెళ్ళేటప్పుడు బయలుదేరడానికి ఆరు గంటల ముందే చేరామనీ, వచ్చేటప్పుడు ఇరవై ఏడున్నర గంటలు పట్టిందనీ తేలుతుంది. పైగా కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, జపాన్‌లో జరపరు. అందువల్ల ఈ రెండు నగరాల మధ్య తేడా వేసవిలో 16 గంటలు, చలికాలంలో 17 గంటలు. వేళ ప్రకారం మందులు వేసుకునేవారికి గోడ గడియారం పనికిరాదు. బయలుదేరిన చోటి గడియారాన్ని చేతికి అలాగే ఉంచుకుని గడిచిన గంటలు లెక్కపెట్టుకోవాలి, మందుల వేళలను ముందుగానే వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

నేరు దూరానికి విలువ లేదని నేను అనడం లేదు. విమానం ఆలస్యమైనా రద్దయినా ప్రయాణికులకు చెల్లించవలసిన పరిహారాన్ని నిర్ణయించే ఐరోపా సమాఖ్య 2004 నాటి నియమావళి 1,500, 3,500 కిలోమీటర్ల హద్దులను మహావృత్త దూరంతోనే కొలుస్తుంది. మధ్యలో విమానం మారిన ప్రయాణికుడి విషయంలో కూడా మొదటి విమానాశ్రయం నుంచి చివరి విమానాశ్రయానికి ఉన్న నేరు దూరాన్నే లెక్కించాలి తప్ప, చుట్టు తిరిగిన దూరాన్ని కాదని సమాఖ్య న్యాయస్థానం 2017లో తీర్పు చెప్పింది. గాలితోనూ, దారితోనూ మారని కొలత కనుక చట్టానికి అది సరిపోయింది. ప్రయాణికుడికి కావలసినది మారే కొలత. ఆ రెండింటినీ ఒకే గీత మీద, ఒకటి మరొకదాని నుంచి పుట్టినట్టుగా ముద్రించడం వల్లనే చిక్కు వస్తోంది.

కనుక మీ పట్టికలో దూరాన్ని దూరంగానే ఉంచి, సమయాన్ని ఆ దూరం నుంచి భాగహారంతో రాబట్టకుండా, ప్రస్తుతం నడుస్తున్న విమానాల ప్రకటిత వేళల నుంచి తీసుకోవలసిందిగా కోరుతున్నాను. స్థలం చాలదని అంటారేమో. ఒక్క వాక్యం చాలు. ఉదాహరణకు, "టోక్యో హనెడా నుంచి లాస్ ఏంజెలెస్‌కు నేరు దూరం సుమారు 8,800 కిలోమీటర్లు, ఆగకుండా పోయే విమానంలో వెళ్ళేటప్పుడు సుమారు పది గంటలు, తిరిగి వచ్చేటప్పుడు సుమారు పదకొండున్నర, వేసవిలో గడియారాల తేడా 16 గంటలు" అని రాస్తే చదివినవారికి నిజంగా ఉపయోగపడుతుంది. ఒక నగరానికి రెండు మూడు విమానాశ్రయాలు ఉన్నప్పుడు అది ఏ విమానాశ్రయమో పేరుతో చెప్పాలి, ఎందుకంటే ఒకదానిలో దిగి మరొకదానిలో ఎక్కవలసి వస్తే ఆకాశంలో ఆదా అయిన సమయమంతా రోడ్డు మీద పోతుంది. ఆగకుండా పోయే విమానం లేని ఊళ్ళకు ఆ మాట స్పష్టంగా రాసి, మధ్య నిరీక్షణతో కలిపి మొత్తం సమయం ఇవ్వాలి. నిమిషాలు అవసరం లేదు. సుమారు అన్న మాట అవసరం.

మా అక్కయ్య వచ్చే నెలలో తిరిగి వస్తోంది. ఈసారి ఆమె కోసం ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాసి పంపాను: ఇంటి నుంచి బయలుదేరే వేళ, ఒక్కొక్క విమానం బ్లాక్ టైమ్, మధ్య విమానాశ్రయంలో ఆగే సమయం, ఇంటికి చేరే వేళ. నాలుగూ ఆమె చేతి గడియారం ప్రకారమే ఉన్నాయి. వాటి పక్కన, వైద్యుడు చెప్పిన ప్రకారం, మాత్ర వేసుకోవలసిన వేళలు ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. మాత్రలన్నీ చేతిసంచిలోనే పెట్టుకోమని రెండుసార్లు ఫోనులో చెప్పాను. ఒంటరిగా, మొదటిసారి విమానం ఎక్కబోయే పెద్దవాళ్ళు మీ పత్రిక చదివేవారిలో ఎందరో ఉంటారు. అటువంటి నాలుగు వరుసలు ఎలా రాసుకోవాలో ఒక నమూనాను మీ ప్రయాణాల పేజీలో ఆ పట్టిక కిందనే ముద్రించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయిని